తుంటి మీద కొడితే...

"తుంటి మీద కొడితే పళ్ళు రాలాయి" అన్న సామెత మనందరికీ తెలిసిందే. ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదని వెక్కిరించడానికి వాడతాం. ముప్పై మూడో ఏట నుంచి నాకా సామెత వెక్కిరింతగా వినిపించడం మానేసింది. హాకీ ఆడి ఇంటికొచ్చాక నొప్పి మోకాల్లో ఉండేది. జబ్బు మాత్రం తుంటి కీలులో ఉంది. ఆ రెంటికీ ఉన్న పొంతన తెలియడానికి రెండేళ్ళు పట్టింది.

నేను క్రీడాకారిణిని కాను. కాలేజీ హాస్టల్లో ఉండగా హాకీ కర్ర పట్టుకున్నాను, పరిశోధనలో పడి వదిలేశాను. సిద్ధాంత గ్రంథం సమర్పించాక, ముప్పై ఒకటో ఏట, సికింద్రాబాదులో ఆదివారం పొద్దున్నే ఆడుకునే కొంతమంది ఆడవాళ్ళతో కలిశాను. బ్యాంకు ఉద్యోగులు, స్కూలు టీచర్లు, ఒకప్పుడు రాష్ట్రజట్టుకి ఆడిన యాభై ఏళ్ళ అక్క. పదకొండు మంది పోగవడం అరుదు. ఆరుగురం వస్తే ముగ్గురూ ముగ్గురుగా ఆడతాం. చూసేవాళ్ళెవరూ ఉండరు. ఓడినవాళ్ళు టీ డబ్బులివ్వాలి, అంతే. "ఈ వయసులో బిళ్ళంగోడేమిటే?" అంటుంది మా అమ్మ.

మొదటి డాక్టరు మోకాలికి ఎక్స్‌రే తీయించి, అంతా బాగానే ఉందన్నారు. రెండో ఆయన బరువు తగ్గమన్నారు, పెళ్ళయిందా అని అడిగారు. మూడో ఆయన నన్ను బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు మడిచి తొడని పొట్టవైపు తెచ్చి లోపలికి తిప్పారు. గజ్జల్లో పొడిచినట్టయి కేకపెట్టాను. అప్పుడు గానీ తుంటికి ఎక్స్‌రే తీయలేదు. ఆయన దాని మీద గీతలు గీసి ఒక కోణం కొలిచారు. 1939లో విబెర్గ్ అనే స్వీడన్ వైద్యుడు చెప్పిన కొలత అది. 25 డిగ్రీలు దాటితే మామూలు. 20కి తగ్గితే, తొడ ఎముక తలని పట్టి ఉంచే గిన్నె లోతు చాలలేదని అర్థం. నాది 17. పుట్టుకతో వచ్చిన లోపం. బరువంతా గిన్నె అంచుమీదే పడి అక్కడి మృదులాస్థి అరుగుతోంది.

అబ్బాయిల్లో కంటే అమ్మాయిల్లో ఈ లోపం ఎన్నో రెట్లు ఎక్కువ. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళలో ఇంకా ఎక్కువ. నేను ఎదురుకాళ్ళతో పుట్టినదాన్నే. ఎదురుకాళ్ళ పిల్ల తంతే నడుంపట్టు పోతుందని మా గుంటూరు జిల్లా పల్లెలో ముసలమ్మలు నన్ను పిలిచి వీపుమీద తన్నించుకునేవారు. ఊరందరి నడుముకీ మందయిన నా కాళ్ళని డాక్టరుకి చూపించాలని ఎవరికీ తోచలేదు.

సంగతి తెలిశాక మా అమ్మ, "నిన్ను పొత్తిళ్ళలో మరీ గట్టిగా చుట్టానేమోనే" అని ఏడ్చింది. కాళ్ళు చాపి బిగించి చుట్టడం పసిపిల్లల తుంటికి మంచిది కాదన్నది నిజమే. జపాన్‌లో 1970లలో ఆ అలవాటు మాన్పించడానికి ప్రచారం చేశాక ఈ లోపం చాలా తగ్గింది. కానీ మా అమ్మ నన్ను మూడేళ్ళు చంకనేసుకునే తిరిగింది. కాళ్ళు ఎడంగా ఉండే ఆ పద్ధతి కీలుకి మంచిది. ఆ మాట చెప్పినా ఆమె నమ్మలేదు. బిడ్డ ఒంట్లో ఏ లోపమున్నా తప్పు తనదేననుకోవడం తల్లికి మనం నేర్పిన చదువు.

హాకీ నా జబ్బుకి కారణం కాదు గానీ, స్నేహితురాలూ కాదు. ఆట సాగినంతసేపూ తుంటి దగ్గర వంగే ఉండాలి. కర్రకి ఎడమవైపు మాత్రమే చదునుగా ఉంటుంది, బంతిని ఆ వైపుతోనే కొట్టాలి. ఎడమచేతివాటం కర్రని నిబంధనలు ఒప్పుకోవు. అందుకని ఒళ్ళు ఎప్పుడూ ఒకేలా మెలితిరుగుతుంది. మూడో డాక్టరు ఇదంతా ఓపిగ్గా వివరించి, చివర అన్నారు: "నడవడానికి ఇబ్బంది లేదు. రేపు కాన్పుకీ అడ్డంరాదు. ఇంక హాకీ ఎందుకమ్మా?"

ఆయన మంచివారు. ఆ ప్రశ్నలో చెడ్డతనం లేదు. రాష్ట్రజట్టు అమ్మాయిని అయితే "మళ్ళీ ఎప్పుడు ఆడాలి?" అని అడిగేవారు. నన్ను "ఎందుకు?" అన్నారు. ఆ ఒక్క మాటకి జవాబు వెతుక్కుంటూ చరిత్రలోకి వెళ్ళాను.

ఇంగ్లండులో ఆడవాళ్ళు 1880లలో హాకీ క్లబ్బులు పెట్టుకోవడం మొదలుపెట్టారు. పరుగులు గర్భాశయానికి చేటని వైద్యులు హెచ్చరిస్తున్న కాలమది. 1895లో వాళ్ళు సంఘంగా ఏర్పడి పురుషుల హాకీ సంఘాన్ని గుర్తింపు అడిగితే తిరస్కరించారు. అయితే మా పెత్తనం మేమే చేసుకుంటామని, పదవులన్నీ ఆడవాళ్ళకే ఉండేలా సంఘాన్ని నడుపుకున్నారు. మొదటి అధ్యక్షురాలు లిలియన్ ఫెయిత్‌ఫుల్ ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్న అధ్యాపకురాలని తెలిసినప్పుడు నాకు దూరపు చుట్టం దొరికినట్టయింది. ఆ సంఘం కప్పుల్నీ బహుమతుల్నీ ఒప్పుకోలేదు. 1927లో పుట్టిన మహిళా హాకీ అంతర్జాతీయ సమాఖ్య కూడా దశాబ్దాలపాటు విజేతని ప్రకటించకుండానే దేశాల్ని ఒకచోట చేర్చి ఆడించింది. కలవడం, ఆడటం, విడిపోవడం. 1975లో గానీ అది ప్రపంచ విజేతని ప్రకటించలేదు. ఒలింపిక్స్‌లోకి పురుషుల హాకీ 1908లో వస్తే, మహిళల హాకీ 1980లో వచ్చింది. మధ్య 72 ఏళ్ళు. సమానత్వం కోసం ఆ మార్పు అవసరమే. కానీ ఆ దారిలో, ఆటకి ఆటే కారణం అన్న మాట పలుచబడింది.

దీన్ని మరీ అందంగా ఊహించుకోనక్కర్లేదు. కప్పు వద్దనగలిగినవాళ్ళు తిండికీ తీరికకీ లోటులేని తరగతివాళ్ళు. మన దగ్గర జార్ఖండ్‌లోని సిమ్డేగా, ఒడిశాలోని సుందర్‌గఢ్ ఆదివాసీ అమ్మాయిలకి హాకీ అంటే హాస్టల్లో అన్నం, రైల్వేలో ఉద్యోగం. వాళ్ళకి ట్రోఫీ బతుకుతెరువు. అయినా సంజాయిషీ తప్పదు. టోక్యో ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టిన వందనా కటారియా జట్టు 2021 ఆగస్టులో సెమీఫైనల్ ఓడినప్పుడు, ఆమె ఇంటి ముందు కులం పేరుతో తిట్టారు. గెలిస్తే దేశపు బిడ్డ. ఓడితే దళితుల పిల్ల.

తుంటికీ ఒక చరిత్ర ఉంది. ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్లీ 1962లో పాలిథిలిన్ గిన్నెతో కీలుమార్పిడిని స్థిరపరిచాడు. అంతకుముందు టెఫ్లాన్‌తో చేసినవి త్వరగా అరిగిపోయి ఆయన్ని బాగా దెబ్బతీశాయి. తొలి లక్ష్యం వృద్ధులు నొప్పి లేకుండా నడవడం. ఆటలాడే వయసువాళ్ళ కోసం ఇంకో పద్ధతి వచ్చింది: తొడ ఎముక తలని తీసెయ్యకుండా దానికి లోహపు టోపీ తొడగడం. బర్మింగ్‌హామ్‌లో డెరెక్ మెక్‌మిన్ రూపొందించిన టోపీ 1997 నుంచి వాడుకలోకి వచ్చింది. మగవాళ్ళలో బాగా పనిచేసింది. ఎముక తల చిన్నగా ఉండే స్త్రీలలో లోహం లోహాన్ని ఒరుసుకుని ఎక్కువ విఫలమైంది. దాన్ని స్త్రీలకు వాడవద్దని తయారీదారులు 2015లో ప్రకటించారు. అంటే 18 ఏళ్ళకి. 2019 జనవరిలో ఆండీ ముర్రే ఆ రకం ఆపరేషన్ చేయించుకుని, అదే ఏడు అక్టోబరులో ఆంట్వెర్ప్‌లో టెన్నిస్ సింగిల్స్ టైటిల్ గెలిచాడు. నాకు సంతోషమే వేసింది. చదువుతూ చదువుతూ అసంకల్పితంగా తుంటి మీద చెయ్యి పెట్టుకున్నాను.

సాహిత్యం దగ్గరికి వస్తే, మన ప్రబంధ కవులు నాయిక కటిని, జఘనాన్ని ఎన్ని పద్యాల్లో కొలిచారో చెప్పలేం. ఆ పద్యాలమీద పరీక్షలు రాసి పాసైనదాన్ని. మెట్లెక్కుతుంటే కలుక్కుమనే తుంటి ఉన్న స్త్రీ మాత్రం ఆ చదువులో నాకు ఒక్కసారీ ఎదురుపడలేదు. కవికి అది చూసే వస్తువు. వైద్యుడికి కాన్పు దారి. ఆడుకోవడానికి కూడా ఉపయోగపడే కీలు అన్న ఊహ ఇద్దరికీ రాలేదు.

గిన్నెని కోసి తిప్పి అమర్చే ఆపరేషన్ ఒకటుంది. స్విట్జర్లాండులో గంజ్ 1984లో మొదలుపెట్టింది. మృదులాస్థి కొంత అరిగింది కాబట్టి అది నాకు ఎంత మేలు చేస్తుందో చెప్పలేమన్నారు. ఎప్పటికైనా కీలుమార్పిడి తప్పకపోవచ్చు, వీలైనంత ఆలస్యం చేద్దామన్నారు. ఆట మానితే ఆ రోజు ఇంకొంచెం దూరం జరుగుతుందేమో కూడా. ఇది నేను తెలిసి చేసుకుంటున్న బేరం. రోజూ పిరుదుల కండరాలకి వ్యాయామం. టర్ఫ్ మీదికి వెళ్ళను, మట్టి మైదానమే. వెనక నిలబడి ఆడతాను, బంతి వెంట పరుగెత్తను. పదిహేను నిమిషాలు ఆడి బయటికొస్తాను. రాత్రి నిద్రపట్టనంత నొప్పి వచ్చిన వారం విజిల్ పట్టుకుని అంపైరింగ్ చేస్తాను. అక్క నా తప్పుడు నిర్ణయాల మీద గట్టిగా పోట్లాడుతుంది. జాలిపడదు. అది నాకు ఇష్టం.

డాక్టరుగారి ప్రశ్నకి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆరు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు, "ఆడుతున్నానండీ. పదిహేను నిమిషాలు" అన్నాను. ఎందుకో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. కాసేపు ఎక్స్‌రే వైపు చూసి, "ఏ స్థానంలో ఆడతారు?" అన్నారు.

"ఫుల్‌బ్యాక్" అన్నాను. ఆయన దాన్ని నా చీటీ మీద, వయసుకీ బరువుకీ కింద, రాసుకున్నారు.