ఇంటి వాడిన నీరు – పెరటి సేద్యం

స్నానాల గది నుండి, బట్టలు ఉతికే బండ నుండి, వంటింటి తూము నుండి వెలువడే నీటిని శుద్ధిచేసి పంటకు పారించవచ్చును; మరుగుదొడ్డి నీరు ఇందులో కలవరాదు. 2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ గ్రామాలలో మనిషికి రోజుకు 55 లీటర్ల కుళాయి నీటిని ప్రమాణంగా నిర్ణయించినది. వాడిన పిదప అందులో అధికభాగం వీధికాలువ పాలవుతున్నది.

శుద్ధికి యంత్రాలు అక్కరలేదు. వంటింటి నీటిని ముందు చిన్న తొట్టిలో నిలిపితే జిడ్డు పైకి తేలుతుంది, దానిని తీసివేయాలి. పిదప నీటినంతటినీ గులకరాళ్లు, ఇసుక నింపి మెట్టతామర నాటిన గుంత గుండా మెల్లగా పోనివ్వాలి.

అయితే ఇసుక మురికిని ఆపుతుందే గాని, సబ్బులోను బట్టలసోడాలోను ఉన్న సోడియంను ఆపలేదు. అసలు చిక్కు ఇదే. కోలారు ఎర్రనేలలలో నీరు సులభంగా ఇంకుతుంది గనుక వానలకు ఆ ఉప్పు కొంత కిందికి దిగిపోతుంది. బళ్లారి, రాయచూరు నల్లరేగడిలో అట్లు కాదు; సోడియం వలన బంకమన్ను చెదరి, నేలలోని సందులు పూడుకొని, నీరు పైనే నిలుస్తుంది. అక్కడ జిప్సం వేయవలసి వస్తుంది. కుంకుడుకాయ నీటిని అరటిపాదుకు వదిలిన అలవాటుతోనే నేటి బట్టలపొడి నీటినీ వదలడం సరికాదు.

శుద్ధిచేసిన నీటిని ఒక దినానికి మించి నిలువ ఉంచరాదు, కుళ్లి వాసన వేస్తుంది. అరటి, కొబ్బరి, పశుగ్రాసపు మడులకు మొదట్లోనే పారించాలి, ఆకులపై చల్లరాదు. కొత్తిమీర, ముల్లంగి వంటి పచ్చిగా తినే వాటికి ఈ నీరు వలదు.