కాలయంత్రం తిరిగిన దిశ: ‘ఆదిత్య 369’లో స్వోపజ్ఞత, లోకకల్పన

వైజ్ఞానిక కల్పన తెరకెక్కినప్పుడు విమర్శ తరచుగా ఒకే ప్రశ్న వద్ద ఆగిపోతుంది: ఇది ఎక్కడి నుంచి తెచ్చినది? సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో వెలువడిన ‘ఆదిత్య 369’ విషయంలో ఆ ప్రశ్నకు సమాధానం సులభం. హెచ్.జి. వెల్స్ 1895లో ప్రచురించిన ‘ది టైమ్ మెషీన్’ తనకు ప్రేరణ అని దర్శకుడే చెప్పుకున్నాడు. మూలం నుంచి ఏది తీసుకోలేదన్నదే ఇక్కడ పరిశీలించవలసిన అంశం.

వెల్స్ నవలలో యాత్ర భవిష్యత్తులోకే సాగుతుంది. 8,02,701వ సంవత్సరంలో యాత్రికుడికి కనిపించే ఈలాయ్, మోర్లాక్ జాతులు విక్టోరియా కాలపు ఇంగ్లండులోని వర్గవిభజనకు పర్యవసానాలు. గతం అతిథుల సంభాషణలో ఒక ఊహగా, ముగింపులో ఒక సందేహంగా మాత్రమే ఉంది. 1960లో జార్జ్ పాల్ తీసిన చలనచిత్రం దిశను మార్చలేదు గాని కారణాన్ని మార్చింది. అందులో యాత్రికుడు 1917, 1940, 1966లలో ఆగుతాడు. ఆగిన ప్రతిచోటా యుద్ధమే ఎదురవుతుంది. ఈలాయ్‌లను మోర్లాకులు రప్పించుకునేది సైరన్ మోతతో. వర్గవైషమ్యం ఉండవలసిన చోట అణుభయం వచ్చి చేరింది.

సింగీతం యంత్రాన్ని వెనక్కు తిప్పాడు. అది చేరిన కాలం 1526, శ్రీకృష్ణదేవరాయల పాలన (1509–1529) చివరి దశ. ఈ లోకాన్ని నిర్మించడంలో వెల్స్ ఏ విధంగానూ సాయపడడు. తెనాలి రామకృష్ణుని చాటుకథలు, భువనవిజయ స్మృతి, వాటికి తోడు తెలుగు తెర అప్పటికే స్థిరపరచిన విజయనగరం ఇందుకు సామగ్రి అయ్యాయి. ‘మల్లీశ్వరి’ (1951), ‘తెనాలి రామకృష్ణ’ (1956), ‘మహామంత్రి తిమ్మరుసు’ (1962) ఆ నగరాన్ని ప్రేక్షకుని కంటికి అలవాటు చేశాయి. చివరి రెండింటిలో రాయల పాత్రధారి ఎన్.టి. రామారావు, 1991లో ఆ కిరీటం ఆయన కుమారుడు బాలకృష్ణది. యంత్రమెక్కి వచ్చిన ఆధునిక యువకుడూ ఆయనే. కాలయానం చేసి చేరిన చోటు ప్రేక్షకునికి ముందే తెలిసిన చోటు కావడం లోపంగా తోచవచ్చు. అయితే పూర్వచిత్రాలలో రాయల కొలువు బయటి కాలానికి తలుపులు మూసుకున్న లోకం. ఇక్కడ గ్రాంథిక ఛాయగల ఆస్థాన వాచికం మధ్యకు వర్తమాన వ్యావహారికం చొరబడుతుంది. హాస్యమూ విస్మయమూ ఆ రెండు తెలుగుల సంఘర్షణ నుంచే పుడతాయి. యంత్రం నుంచి పుట్టేవి తక్కువ. చిత్ర స్వోపజ్ఞతను వెదకవలసింది ఈ సంఘర్షణలోనే.

2504వ సంవత్సరపు ఘట్టం అంత చిక్కగా లేదు. కళాదర్శకత్వ పరిమితులు కొంత కారణం కావచ్చు గాని, అంతకన్న మౌలికమైనది మరొకటి ఉంది. రాయల కొలువుకు శతాబ్దాల వాఙ్మయం సమకూర్చిన భాష వంటిది తెలుగులో భవిష్యత్తుకు లేదు. అణుయుద్ధానంతర భూగర్భ జీవనమనే కల్పన కూడా వెల్స్ నవలకన్న పాల్ చిత్రానికే దగ్గర. వెల్స్ ప్రేరణ అన్నప్పుడు నవలను, దాని 1960 నాటి తెర రూపాన్ని విడదీసి చూడకపోతే ఈ ఘట్టపు వంశక్రమం తారుమారవుతుంది.