పదపాఠం నుండి పదశోధన దాకా

గ్రంథం ఉన్నంత మాత్రాన చాలదు, అందులోని మాట కావలసినప్పుడు చేతికందాలి. వెయ్యి పుటల కావ్యంలో ఒక ప్రయోగం ఎక్కడున్నదో తెలియకపోతే వెతికేవాని పాలిటికి అది లేనట్టే. ఇది కంప్యూటర్లు వచ్చాక కొత్తగా తెలిసిన సంగతి కాదు. వేదపండితులకూ తెలుసు, నిఘంటుకర్తలకూ తెలుసు. తెలుగు గ్రంథాలు అంతర్జాలానికి ఎక్కుతున్న ఈ కాలంలో ఆ చరిత్రను ఒకసారి నెమరువేసుకోవడం మంచిదని తోచింది. ఎందుకంటే యంత్రం చేత వెతికించడానికి మనం చేయవలసిన పని, పూర్వులు యంత్రం లేకుండా చేసిన పనే.

ఋగ్వేద సంహితలో మాటలు సంధితో కలిసి ఏకప్రవాహంగా సాగుతాయి. వాటిని విడదీసి ఏ పదాన్ని ఆ పదంగా నిలిపినది పదపాఠం. దానిని కూర్చినవాడు శాకల్యుడని సంప్రదాయం. ఆపైన కాత్యాయనుని పేరిట సర్వానుక్రమణి వెలసింది. ప్రతి సూక్తానికీ మొదటి మాటలు, ఋక్కుల సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు అందులో వరుసగా చెప్పబడినవి. మొదటిది విడదీయడం, రెండవది పట్టిక కట్టడం. గ్రంథశోధన అంతా ఈ రెండు పనుల మీదనే నిలిచి ఉన్నది.

ముద్రణాయుగంలో ఆ పట్టికలు విస్తరించాయి. అమెరికా పండితుడు మారిస్ బ్లూమ్‌ఫీల్డ్ నాటికి అచ్చయిన వైదిక వాఙ్మయంలోని మంత్రపాదాలను అకారాదిగా అమర్చి 1906లో ప్రకటించాడు. అది వెయ్యి పుటలకు మించిన గ్రంథం. ఐతే అక్కడ అమర్చబడినవి పాదాలు. పాదం మధ్యలో ఉన్న మాటను పట్టుకోవాలంటే మరొక సాధనం కావాలి.

ఆ మెట్టు ఎక్కించినవాడు ఇటలీ దేశపు క్రైస్తవ సన్యాసి రొబెర్తో బూసా. థామస్ అక్వినాస్ రచనలలో దైవసాన్నిధ్యం అనే భావాన్ని పరిశోధిస్తూ, ఆ భావం పెద్ద మాటలలో కాక లాటిన్ లోని 'ఇన్' అనే చిన్న అవ్యయంలో దాగి ఉన్నదని ఆయన గ్రహించాడు. కాని అంత చిన్న మాటను ఏ సూచికా ఎక్కించుకోదు. 1949లో ఆయన ఐబీఎం సంస్థ అధిపతి థామస్ వాట్సన్‌ను కలిసి సాయం పొందాడు. కోటికి పైగా ఉన్న మాటలను రంధ్రాలు పొడిచిన అట్టల మీదికి ఎక్కించి, ప్రతి రూపాన్నీ దాని మూలపదం కిందికి చేర్చి, 56 సంపుటాల సూచికను 1980 నాటికి ముగించగలిగారు. 2005లో అది అంతర్జాలంలోకి వచ్చింది. లెక్కించింది యంత్రమే కాని, ఏ రూపం ఏ పదానిదో తేల్చింది మనుషులు. ఇది గుర్తుంచుకోదగిన విషయం.

తరువాతి కథ వేగంగా నడిచింది. ప్రాచీన గ్రీకు వాఙ్మయాన్ని కంప్యూటరు కెక్కించే ప్రయత్నం 1972లో కాలిఫోర్నియాలో మొదలైంది. మన పొరుగున తమిళులు 1998 పొంగలి నాడు మదురై ప్రాజెక్టును ఆరంభించి తమ ప్రాచీన గ్రంథాలను స్వచ్ఛందంగా టైపు చేయసాగారు.

మరి తెలుగు? సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడింది. మొత్తం ఎనిమిది సంపుటాలు. కావ్యాలను పుట పుటా గాలించి ప్రయోగాలు ఏరిన పండితుల శ్రమ అందులో ఉన్నది. కొన్ని కావ్య ముద్రణల చివర పద్యానుక్రమణికలూ ఉండేవి. ఐతే పద్యం ఎత్తుగడ గుర్తున్నవానికే అవి పనికివస్తాయి.

కంప్యూటర్లు వచ్చిన తొలినాళ్లలో విదేశాలలోని తెలుగువారు ఆంగ్లాక్షరాలతో తెలుగు రాయడానికి ఒక పద్ధతి ఏర్పరచుకొన్నారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం పేరిట అది ఆర్‌టీఎస్ అయింది. అందులో చిన్న టీ తకారం, పెద్ద టీ టకారం. చిన్న ఎన్ నకారం, పెద్ద ఎన్ ణకారం. వెతికే యంత్రాలు సాధారణంగా చిన్నా పెద్దా తేడా చూడవు. కాబట్టి త, ట ఒకటయ్యాయి, న, ణ ఒకటయ్యాయి. ఇక తెలుగు పత్రికల సైట్లు ఒక్కొక్కటి ఒక్కొక్క ఖతి వాడేవి. కంటికి తెలుగుగా కనిపించినా లోపల ఉన్నది పొంతన లేని ఆంగ్ల సంకేతాలు. ఒకదానిలో వెతికిన మాట మరొకదానిలో దొరికేది కాదు. 1991లోనే యూనికోడ్ తెలుగు అక్షరాలకు స్థానాలు కేటాయించినా, 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఖతితో వచ్చాకే అది ఇళ్లలోకి చేరసాగింది. 2003లో తెలుగు వికీపీడియా, 2005లో వికీసోర్స్ మొదలయ్యాయి. బ్రౌన్ నిఘంటువు షికాగో విశ్వవిద్యాలయం వారి సైటులోకి ఎక్కింది. ఆంధ్రభారతి వారు అనేక నిఘంటువులను ఒకేసారి వెతికే వీలు కల్పించారు.

మరొక వైపు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను బొమ్మలుగా తీసింది. ఆ సైటు మూతపడినా, ఎన్నో ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నిలిచాయి. గొప్ప మేలే. కాని బొమ్మలో మాట వెతకలేము. పుస్తకాల పేర్లు కూడా ఆంగ్ల లిపిలో నానా రకాలుగా రాసి ఉండటంతో పుస్తకాన్ని పట్టుకోవడమే ఒక పరిశోధన అయింది. బొమ్మను అక్షరాలుగా మార్చే యంత్రాలు ఇప్పుడు బాగా మెరుగుపడ్డాయి. ఐనా పాత అచ్చులోని వలపలగిలకను తొమ్మిది అంకెగా పొరబడే అవకాశం ఉన్నది. అరసున్న జారిపోవచ్చు.

అక్షరాలన్నీ సరిగా వచ్చాయనుకొందాం. అప్పుడు అసలు చిక్కు ఎదురవుతుంది. 'అతడు' మీద 'ఇక్కడ' చేరితే 'అతడిక్కడ'. యూనికోడులో ఇకారానికి ఒక సంకేతం, గుడికి వేరొక సంకేతం. 'ఇక్కడ' అని వెతికితే ఈ మాట దొరకదు. 'ఉదయము' కోసం వెతికేవానికి 'సూర్యోదయము' కనబడదు. గసడదవాదేశం వల్ల 'కొట్టె' అన్నది 'వాఁడు గొట్టె' అవుతుంది. సరళాదేశం వల్ల 'కలువలు' అన్నవి 'పూచెఁ గలువలు' అవుతాయి. వ్యాకరణం చదివిన విద్యార్థికి ఇవి మొదటి పాఠాలు, యంత్రానికి మాత్రం వేర్వేరు మాటలు.

పోనీ, అరసున్నలూ బండి ఱలూ తీసివేసి అంతా ఒక్కటిగా రాస్తే సరిపోదా అని కొందరి వాదన. సరిపోదు. 'ఏడు' సంఖ్య, 'ఏఁడు' సంవత్సరం. 'కరి' ఏనుగు, 'కఱి' నలుపు. ఆ గుర్తులు తీసివేస్తే పాఠమే చెడుతుంది. మూలాన్ని ఉన్నదున్నట్టు ఉంచాలి. వెతికేటప్పుడు మాత్రం రెండు రూపాలనూ కలిపి చూపే ఏర్పాటు ఉండాలి. మూలం పక్కన పదచ్ఛేదం కూడా నిలపాలి. శాకల్యుడు చేసినది అదే, బూసా అనుచరులు చేసినదీ అదే.

ఈ పనికి ఛందస్సు మనకు తోడు. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలు, పదవది యతిస్థానం. చంపకమాలలో ఇరవై ఒకటి, పదకొండవది యతి. టైపులో ఒక అక్షరం జారితే గణం తప్పుతుంది, యతి చెడుతుంది. ఆ తప్పును యంత్రమే చూపగలదు. ఐతే అది టైపుదోషమో, పాఠభేదమో, అఖండయతి వంటి విశేషమో తేల్చడానికి చదువుకొన్న మనిషి కావాలి.

అట్టివారు నానాటికీ తగ్గిపోతున్నారు. అరసున్న ఎక్కడ రావాలో చెప్పగల తరం, పద్యం వినగానే పదాలు విడదీయగల తరం ఇప్పుడు అరవైలు, డెబ్భైలు దాటినది. యంత్రాలు ఇంకా మెరుగవుతాయి, అందులో సందేహం లేదు. వాటికి సరైన పాఠం ఇదని చెప్పేవారు అప్పటికి ఉంటారా అన్నదే ప్రశ్న.

కనుక నాతోటి విశ్రాంత ఉపాధ్యాయులకు ఒక మనవి. మహాభారతం జోలికి వెళ్లనక్కరలేదు. నూరు పద్యాల శతకం ఒకటి తీసుకొనండి. మన దేశపు చట్టం ప్రకారం రచయిత మరణించిన 60 ఏళ్ల తరువాత గ్రంథం అందరిదీ అవుతుంది. ఏ ముద్రణ నుండి తీసుకొన్నారో తప్పక పేర్కొనండి. ఒకరు టైపు చేస్తే ఇంకొకరు సరిచూడండి. రోజుకు రెండు పద్యాలకు పదచ్ఛేదం చేసినా రెండు నెలలలో శతకం పూర్తవుతుంది. వికీసోర్స్‌లో చేర్చితే ఎవరైనా వెతుక్కోగలరు. పిల్లల చేత పద్యాలకు పదవిభాగం చేయించిన చేతులకు ఇది కొత్త పనేమీ కాదు.

స్వస్తి.