బెంజీను వలయములో ఆస్మియము

గ్యాసు వెల్డింగు దుకాణములో ఇనుమును కరగించు ఎసిటిలీన్ వాయువును విద్యార్థులు ఎరుగుదురు. దాని అణువులో రెండు కర్బన పరమాణువులు, రెండు ఉదజని పరమాణువులు కలవు. ఆ కర్బనములను రెండింటిని కట్టియుంచునది త్రిబంధము. ఇట్టి బంధము గల హైడ్రోకార్బనులకు ఆల్కైనులని పేరు. మూడు ఎసిటిలీన్ అణువులు కలిసినచో ఆరు కర్బనములు, ఆరు ఉదజనులు. అనగా ఒక బెంజీను అణువు. కాగితముపై లెక్క ఇంత సులభము. కాని గదిలోని ఎసిటిలీన్ ఎంతకాలము ఉంచినను బెంజీనుగా మారదు.

1866లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు బెర్తెలో ఈ వాయువును గాజుపాత్రలో ఉంచి, గాజు మెత్తబడునంతగా కాచి బెంజీనును పొందెను. దానితోపాటు మరికొన్ని హైడ్రోకార్బనులు కూడ పుట్టినవి. వేడిమి అణువులను ఢీకొనునట్లు చేయగలదు గాని, ఏది దేనితో కలియవలెనో నిర్ణయింపజాలదు.

ఆ నిర్ణయము చేయగలది లోహమని జర్మనీలో వాల్టర్ రెప్పె, అతని సహచరులు 1948లో ప్రకటించిన ఫలితములు చూపినవి. నికెల్ సయనైడును వాడినపుడు నాలుగు ఎసిటిలీన్ అణువులు కలిసి ఎనిమిది కర్బనముల వలయ మేర్పడినది. ఫాస్ఫీను చేరిన నికెల్ కార్బొనైలును వాడగా మూడు అణువులు కలిసి బెంజీను వచ్చినది. లోహ పరమాణువు త్రిబంధములోని ఎలక్ట్రానులను ఆకర్షించి, ఆల్కైను అణువులను తనచుట్టు చేరువగా నిలుపును. పక్కపక్కన నిలిచిన కర్బనములు ముడిపడును. లోహము మాత్రము పెండ్లి జరిపించిన పురోహితునివలె తన దారిని తాను పోవును.

అట్లు పోక, లోహమే ఆ వలయములో నిలిచిపోయినచో ఏమగును? బెంజీనునకు గల ప్రత్యేకత, అనగా ఎలక్ట్రానులు వలయమంతటను సమముగా వ్యాపించియుండుట, కర్బనమునకు మాత్రమే చెల్లునా? 1979లో థార్న్, రోల్డ్ హాఫ్‌మన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక కర్బనము స్థానములో లోహము కూర్చున్నను ఆ లక్షణము నిలువవచ్చునని లెక్కలు కట్టి చెప్పిరి. అయితే అట్టి పదార్థమును అప్పటికెవరును చూచియుండలేదు.

మూడేండ్లకు, 1982లో, న్యూజీలండులోని ఆక్లండు విశ్వవిద్యాలయమునుండి వారెన్ రోపర్ బృందము దానిని ప్రకటించెను. వారు తీసికొన్న లోహము ఆస్మియము. 1803లో స్మిత్‌సన్ టెన్నెంట్ ప్లాటినపు ఖనిజమును కరగించగా మిగిలిన నల్లని మడ్డిలో కనుగొన్నది ఇదే. దాని ఆక్సైడు ఘాటైన వాసనవలన గ్రీకు భాషలో వాసన అను అర్థము గల పేరు దీనికి వచ్చినది. ఆ ఆక్సైడు విషము. వాసన చూచుటకు ఎవరును సాహసింపరాదు.

రోపర్ వాడిన సంశ్లిష్టములో ఆస్మియమునకు మూడు ఫాస్ఫీనులు, ఒక కార్బన్ మోనాక్సైడు, ఒక కార్బన్ మోనోసల్ఫైడు అంటియుండెను. ఎసిటిలీన్‌తో చర్య జరుపగా ఒక ఫాస్ఫీను తొలగిపోయినది. రెండు ఎసిటిలీన్ అణువులు ముడిపడి నాలుగు కర్బనముల గొలుసయినవి. అయిదవ కర్బనము మోనోసల్ఫైడునుండి వచ్చి చేరినది. ఆరవ స్థానము ఆస్మియమునకే దక్కినది. ఎక్స్-కిరణములతో స్ఫటికమును పరిశీలింపగా వలయము దాదాపు సమతలముగా నున్నది. కర్బనబంధములలో పొడవు పొట్టి అను హెచ్చుతగ్గులు ఒకటి విడిచి ఒకటిగా కనబడలేదు. బెంజీను లక్షణ మదియే.

అయినను ఒక సందేహమునకు తావున్నది. అయిదవ కర్బనముతో వచ్చిన గంధకము ఆ కర్బనమునకును ఆస్మియమునకును కూడ అంటియే యుండెను. వలయమును చదునుగా నిలిపినది ఆ వంతెనయే కాదా యని అడుగవచ్చును. 1989లో అమెరికాలో బ్లీక్ బృందము గంధకపు వంతెన లేని ఇరిడియము వలయమును తయారుచేసి ఆ సందేహమును చాలవరకు తీర్చెను. ఇట్టి వలయములు ఎంతమాత్రము బెంజీనును పోలియున్నవను చర్చ మాత్రము ఇంకను ముగియలేదు.

2001లో హాంకాంగులో జియా గుచెన్ బృందము మరల ఆస్మియమునే ఎన్నుకొనెను. ఈసారి సిలికాన్ సమూహము గల మూడు ఆల్కైను అణువులు ఒకే లోహముపై ముడిపడినవి. వాటి త్రిబంధములలోని ఆరు కర్బనములలో అయిదు మాత్రమే వలయములో కుదిరినవి. అచ్చట ఆస్మియము అప్పటికే కూర్చుండియున్నందున ఆరవది వలయము వెలుపల మిథైల్ సమూహముగా మిగిలిపోయినది.