కుంట ఇంటి గుగ్గిలం

2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు ఎక్కింది. ఆ నీళ్లు శబరిని వెనక్కి తోశాయి, శబరి మా కుంట వీధుల్లోకి వచ్చింది. నీళ్లు తీసిన నాడు తలుపు తోయగానే వాసన గుప్పుమంది. ఒండ్రు, నానిన బియ్యం, ఉబ్బిన చెక్క, పొయ్యిలో తడిసిన బూడిద, అన్నీ కలిసిన ముక్క వాసన. నాకది కొత్త కాదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగుల నీళ్లొచ్చినప్పుడు నేను పదో తరగతి. అప్పుడు మాది మట్టిగోడల ఇల్లు. మెరక మీద తలదాచుకున్న చోటి నుంచి మా అమ్మమ్మ చిప్పలో నిప్పులు పట్టుకుని వచ్చింది. బురద ఇంకా మోకాలి లోతుంది. చూరులో చెక్కిన ఆకు పొట్లం విప్పి, గుగ్గిలం ముద్ద చిదిపి నిప్పుల మీద వేసింది. తెల్లటి పొగ లేచింది. చిప్ప ఎత్తి పట్టుకుని మూలమూలకీ తిప్పుతూ, "ముందు ఇంటికి ఊపిరాడనియ్యండే, తర్వాత ఎత్తిపోద్దురు గాని" అంది.

ఒక గోడ ఆ రాత్రే పడిపోయింది. గోడ సంగతి మర్చిపోయాను గానీ ఆ పొగ వాసన ఇప్పటికీ నాతోనే ఉంది. ఆ ముద్ద మా చూరులోకి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలని చాలా ఏళ్లు తిరిగాను. తిరిగితే తెలిసింది, మా ఊరి చరిత్ర సగం ఆ పొట్లంలోనే ఉందని.

హిందీ బోర్డు మీద మా ఊరు కోంటా. మాకు కుంట. సుక్మా జిల్లాకి అట్టడుగున ఉంటుంది. శబరి దాటితే ఒడిశా మోటు, రోడ్డు పట్టుకుని కిందికి పోతే ఆంధ్ర చింతూరు. నేను పుట్టినప్పుడు ఇది బస్తరు జిల్లా. 1998లో దంతెవాడ జిల్లాలోకి వెళ్లింది, 2012 జనవరిలో సుక్మా జిల్లా అయింది. సంతలో మాత్రం అప్పుడూ ఇప్పుడూ దోర్లా, హల్బీ, తెలుగు, ఒడియా మాటలు ఒక్క బేరంలోనే కలిసిపోతాయి.

గుగ్గిలం అనే మాట చాటున చాలా చెట్లున్నాయి. కడప కొండల వాళ్లకి అది తంబజాలరి జిగురు. అందుగు చెట్టు బంకను కొండ గుగ్గిలం అంటారు. పచారీ కొట్లో మహిసాక్షి పేరుతో అమ్మేది రాజస్థాన్, గుజరాత్ మెట్టల్లో పెరిగే ముళ్ల పొద నుంచి వస్తుంది. అసలు సాంబ్రాణి అయితే సముద్రం అవతల సుమత్రా దీవి చెట్లది. మా చూరులోది వీటిలో ఏదీ కాదు. అది సాల వృక్షం జిగురు. హల్బీలో ఆ చెట్టును సర్గి అంటారు. సర్గి అడవి మా కుంట దగ్గర ఉండదు. మా వైపు టేకు, తునికి, ఇప్ప. సుక్మా దాటి ఉత్తరంగా తోంగ్‌పాల్, దర్భా లోయ వైపు ఎక్కుతుంటే సర్గి వనం మొదలవుతుంది.

వానాకాలం మొదట్లో చెట్టు మొదలుకి మూడు నాలుగు అడుగుల ఎత్తున బెరడు సన్నటి పట్టీలుగా చెక్కి తీస్తారు. తెల్లటి పాలు ఊరతాయి. గాలి తగిలి అవి గోధుమరంగుకి తిరుగుతాయి. పన్నెండు రోజులు గడిచేసరికి గంటు నిండుతుంది. దాన్ని గోకి తీసి ఆకు డొప్పలో చుడతారు. ఎక్కువ గంట్లు పెడితే చెట్టు చచ్చిపోతుంది. ఈ ఒక్క మాట దగ్గరే చరిత్రంతా ముడిపడింది. అడవిలో పుట్టిన మనిషి ఎన్ని గంట్లు పెట్టాలో తానే తెలుసుకుని పెట్టేవాడు. తర్వాత ఆ లెక్క ఇంకొకరి చేతికి పోయింది.

మా తాతయ్యది ఎడ్లబండి బేరం. కింద నుంచి ఉప్పు పైకి, పై నుంచి చింతపండు, ఇప్పపువ్వు, గుగ్గిలం కిందికి. అడవిలో ఉప్పుకున్న విలువ ఇప్పటి పిల్లలకి చెప్పినా అందదు. ఒక సోలెడు ఉప్పుకి ఒక డొప్పెడు గుగ్గిలం ఇచ్చేవాళ్లని ఆయన చెప్పేవాడు. ఆ మార్పిడి న్యాయమైనదని నేను అనను. ఉప్పు లేని మనిషి ఎంతకైనా ఒప్పుకుంటాడు. మా ఇంటి సువాసనలో ఆ బాకీ కూడా ఉందని నాకు తెలుసు.

సముద్రతీరంలో సువాసన బేరం ఇంకో రకంగా నడిచింది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఓడ వర్తకులకి అభయమిస్తూ శాసనం వేయించాడు. ఏ సరుకు మీద ఎంత సుంకమో అందులో ఉంది. చందనం, దేశవాళీ కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, జవ్వాది అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. పెద్దింటి గది ఆ కాలంలో ఏం వాసన వేసేదో ఆ రాయి చదివితే తెలుస్తుంది. 1323లో కాకతీయుల ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తరు వచ్చి రాజ్యం నిలిపాడని ఇక్కడి రాజవంశం చెప్పుకుంది. 1703 నాటి దంతెవాడ శాసనంలో ఆ మాట చెక్కించింది కూడా. తాతయ్యకి ఈ కథంటే ప్రాణం. బండి తోలుకుపోతూ ఆ రాజవంశం కులదేవత దంతేశ్వరి పేరు తలిచి, "మనదీ అదే దారి" అనేవాడు. నాకు మాత్రం ఆ కథలో ఒక్కటే తోస్తుంది: చీనా కర్పూరం ఎరిగిన వాళ్లు వచ్చి చేరిన ఈ అడవిలో, పేదవాడి గుడిసెలో కూడా పైసా ఖర్చు లేని ధూపం ఉంది.

ఆ పైసా ఖర్చు లేని రోజులకి 1905లో గండి పడింది. సర్గి కర్ర చీడ పట్టనిది, రైలు పట్టాల కింద స్లీపర్లకి బాగా పనికొచ్చేది. బస్తరు అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేస్తామని తెల్లదొరల ప్రభుత్వం ప్రతిపాదించింది. పోడు ఆగాలి, వేట ఆగాలి, అడవి సరుకు ఏరడం ఆగాలి. వెట్టి ఉండనే ఉంది, వరుస కరువులూ ఉన్నాయి. 1910లో కాంగేరు అడవిలోని ధుర్వా ఆదివాసులు ముందు లేచారు. భూమ్‌కాల్ అని ఇప్పటికీ ప్రతి ఊళ్లో చెప్పుకునే తిరుగుబాటు అది. దాన్ని నడిపిన గుండాధుర్ పేరు అక్కడి నుంచే వినపడింది. ఊరి నుంచి ఊరికి కబురు ఎలా పోయిందో చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. మామిడి కొమ్మ, మట్టి ముద్ద, మిరపకాయలు, బాణాలు. ఇవి చేతులు మారుతూ పోయాయి.

మామిడి కొమ్మా, మట్టి ముద్దా! మా ఇళ్లను అందంగా ఉంచేవి ఆ రెండే. పండక్కి గుమ్మానికి కట్టేది ఆ కొమ్మే, గోడకి మెత్తేది ఆ ముద్దే. వాటిని చేతికిస్తే ఏ ఇంటి మనిషికీ అర్థం విడమరచి చెప్పాల్సిన పని లేదు. ఫిబ్రవరి నుంచి మే దాకా దొరలకి ఇక్కడ అదుపు చిక్కలేదు. చివరికి తిరుగుబాటును అణిచేశారు గానీ రిజర్వు పని కొంతకాలం ఆపి, అనుకున్న విస్తీర్ణాన్ని దాదాపు సగానికి తగ్గించారు. ఆ మిగిలిన సగం అడవిలోంచే మా తాతయ్య బండికి గుగ్గిలం వచ్చిందని నేను నమ్ముతాను.

మట్టి ముద్ద సంగతి చెప్పాలి, ఎందుకంటే నాకు చేతనైన పని అది. వెదురు తడిక నిలబెట్టి, పుట్టమన్నులో వరి ఊక కలిపి తొక్కి రెండు వైపులా మెత్తుతారు. అది ఆరి బీటలిస్తే పేడ కలిపిన పల్చటి మన్నుతో అలుకుతారు. దాని మీద సుద్ద. ఇక్కడి వాళ్లు ఛుహీ అంటారు. ఏటి గట్టున ఒక్కో చోట తెల్లగా, మెత్తగా వెన్నలా దొరుకుతుంది. రాత్రి నానబెట్టి తెల్లారి గుడ్డతో పూస్తారు. పూసినప్పుడు బూడిద రంగు, ఎండెక్కే కొద్దీ తెలుపు తేలుతుంది. అడుగున మూరెడు ఎత్తు జాజు పట్టీ. వంటింటి గోడకయితే జాజు బదులు బొగ్గుపొడి కలిపిన నల్ల పట్టీ, మసి కనపడకుండా. పట్టీ అంచు గీయడానికి మా అమ్మమ్మ స్నేహితురాలు వచ్చేది. ఆమె దోర్లా మనిషి, ఇద్దరూ "వదినె" అని పిలుచుకునేవాళ్లు. కుంచె పట్టేది కాదు. మూడు వేళ్లు జాజులో ముంచి గోడ ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్క ఊపున లాగేది. గీత వణికితే చెరపనిచ్చేది కాదు. "ఉండనియ్యి వదినె, నా చెయ్యి అని తెలుస్తది" అనేది.

తడి అలుకు వాసన నాకు ప్రపంచంలోకెల్లా ఇష్టమైన వాసన. దానికి సాటి వచ్చేది చైత్రంలో ఇప్పపువ్వు ఒక్కటే. తెల్లవారుజామున ఏరుకొచ్చి వాకిట్లో ఆరబోస్తే ఇల్లంతా తియ్యగా, బరువుగా నిండిపోయేది. దీపంలో ఇప్పనూనె, గింజలు పిండి తీసింది. ఆ రోజుల్లోనే మర్కా పండుం వచ్చేది. మర్కా అంటే మామిడి. పండుం జరిగే దాకా ఎవరూ కాయ తినకూడదు. నోరూరుతున్నా ఆగేవాళ్లం. అందుకే కాబోలు, ఏటా మొదటి మామిడి వాసన అంత గట్టిగా గుర్తుండిపోయేది.

నా మొదటి కాన్పు పుట్టింట్లోనే. నన్నూ బిడ్డనీ గదిలోకి తేకముందే అమ్మమ్మ ఆ గదికి పొగ పెట్టింది. కుంపట్లో గుగ్గిలం, వేపాకు, వావిలాకు, కాస్త వాము. తలుపులు మూసి గడియసేపు ఉంచి, తర్వాత అన్నీ బార్లా తెరిచి పొగ పోయాకే మమ్మల్ని రానిచ్చింది. మూసిన గదిలో పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదని ఇప్పుడు డాక్టర్లు చెప్తున్నారు. అది సరైన మాట. బిడ్డ మీదే పొగ పట్టే ఇళ్లను చూసి నేను భయపడేదాన్ని, చెప్పగలిగిన చోట చెప్పాను. ఖాళీ గదికి పొగ, మనుషులకి గాలి అన్నది అమ్మమ్మ పద్ధతి. నేనూ నా కోడలికి అదే నేర్పాను.

2005 గురించి రాయడం కష్టం. మావోయిస్టులకి ఎదురుగా లేపిన సల్వా జుడుం మొదలయ్యాక ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరు దోర్నపాల్, ఎర్రబోరు శిబిరాలకి, కొందరు సరిహద్దు దాటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి. 2011 జులై 5న సుప్రీంకోర్టు సల్వా జుడుంని ఆపమంది గానీ పోయిన ఊళ్లు అంత తేలిగ్గా తిరిగి రాలేదు. దోర్నపాల్‌లో వరసగా వేసిన రేకుల పాకల మధ్య నేను నడిచాను. ఒక పాకలో తిండి గింజలున్న జాడ లేదు. కానీ లోపలి గోడకి సుద్ద పూసి ఉంది, అడుగున ఎర్ర పట్టీ ఉంది, గుమ్మానికి ఎండిన మామిడాకులున్నాయి. ఆ ఇంటామె పొయ్యి దగ్గర కూర్చుంది. నేను గోడ వైపు చూడటం గమనించి, "మా ఊరి మన్ను కాదక్కా, అంటుకోవట్లే" అంది. అంతకు మించి ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

ఇప్పుడు సంతలో గుగ్గిలం డొప్పల కంటే అగరొత్తుల పొట్లాలే ఎక్కువ. అదీ అడవి సరుకే, అది చాలామందికి తెలియదు. ఒత్తి పుల్లకి పొడి అంటుకుని నిలవాలంటే జిగట కావాలి. ఆ జిగట నరమామిడి చెట్టు పట్ట పొడి నుంచి వస్తుంది. ఆంధ్ర ఏజెన్సీలో 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ కొనే సరుకుల్లో నరమామిడి పట్ట కూడా ఉంది. పట్ట ఒలిచి ఒలిచి చాలా కొండల్లో ఆ చెట్టు కనపడకుండా పోయింది. పట్ట ఇక్కడి నుంచి పోతుంది, మల్లెపూల బొమ్మ వేసిన రంగు పొట్లం అయి తిరిగి వస్తుంది. చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు అడవిలో బతికేవాళ్లదేనని 2006 అటవీ హక్కుల చట్టం ఒప్పుకుంది. హక్కు కాగితం మీదికి వచ్చింది, ధర చెప్పే నోరు ఇంకా రాలేదు. ఇది నాకు బాధ.

2022 వరద తీసిన వారానికి సుక్మా సంతకి పోయాను. వరసలో చివర హల్బీ మాట్లాడే ఒకామె ముందు నాలుగే డొప్పలున్నాయి. ముద్ద చేతిలోకి తీసుకుని వాసన చూశాను. వరదిల్లు కోసమని చెప్తే ఆమె డబ్బులు లెక్కపెట్టుకున్నాక ఇంకో పిడికెడు డొప్పలో వేసింది. ఈసారి కొసరు నా వైపే వచ్చింది, ఉప్పు బాకీ ఉన్న ఇంటికి.

1986 తర్వాత మేం ఇటుక గోడలు కట్టాం గానీ రంగు డబ్బా తేలేదు, సుద్దే పూస్తాం. బురద ఎత్తకముందే పొగ వేశాను. నా కోడలు ముక్కు మూసుకుని కిటికీలన్నీ తెరిచింది, తర్వాత తనే చిప్ప అందుకుని మూలలకి తిప్పింది. పది రోజులు ఎండబెట్టాక సుద్ద పూశాం. మూరెడు ఎత్తు గీయాల్సిన జాజు పట్టీని కోడలు నడుమెత్తుకి గీస్తుంటే, అంత పైకెందుకే అని అడిగాను. నీళ్లు నిలిచిన మరక ఎంత పూసినా పోవట్లేదత్తయ్యా, దాని మీదే వేస్తున్నా అంది. మూడు వేళ్లతోనే లాగింది. గీత రెండు చోట్ల వణికింది. చెరపనివ్వలేదు.