నలభైయేడేళ్ల వర్తక బహిష్కారం

పండుగ రోజుల్లో మన ఇళ్లలో భారతదేశపు సరుకు లేని మూల ఉండదు. కట్టుకున్న చీర, వెలిగించిన అగరువత్తి, పులిహోరలో ఇంగువ, గోడకు తగిలించిన పంచాంగం, అన్నీ అక్కడివే. డర్బన్ బజారులో డబ్బిచ్చి కొంటున్నాం, ఇంటికి తెచ్చుకుంటున్నాం. ఇందులో విశేషమేముందని మన పిల్లలు అడగవచ్చు. విశేషమేమంటే, 1946 నుంచి 1993 వరకు, అంటే దాదాపు నలభైయేడేళ్లపాటు, ఇటువంటి సరుకు భారతదేశం నుంచి ఈ దేశానికి నేరుగా రావడానికి వీలులేకపోయింది. ఆపినది దక్షిణాఫ్రికా ప్రభుత్వం కాదు, భారత ప్రభుత్వమే. ఆపమని అడిగినవారు ఇక్కడి మన పెద్దలే.

ఒక దేశం మరొక దేశంతో వర్తకం మానుకోవడం చరిత్రలో కొత్త కాదు. కాని ఇంకా స్వాతంత్ర్యమైనా రాని ఒక పేద దేశం, సముద్రానికి ఆవలి ఒడ్డున ఉన్న తన బిడ్డల గౌరవం కోసం తన లాభాన్ని వదులుకోవడం అరుదైన విషయం. ఆ కథను ఈ సంచికలో ఒకసారి నెమరువేసుకోవడం మన విధి అని భావిస్తున్నాం.

మనుషులే సరుకైన కాలం

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి 342 మందిని తీసుకొని డర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 వరకు నేటాలుకు ఒప్పందపు కూలీలుగా వచ్చినవారు సుమారు 1,52,000 మంది. వారిలో ఎక్కువ భాగం మద్రాసులో ఓడ ఎక్కినవారే. గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి వచ్చిన మన తాత ముత్తాతలు ఆ లెక్కలోనే ఉన్నారు.

ఆనాటి ప్రభుత్వాల దృష్టిలో ఇది కూడా ఒక వర్తకమే. చెరకు తోటలకు చేతులు కావాలి. కరవు జిల్లాలలో చేతులున్నాయి. అయిదేళ్ల ఒప్పందం ముగిశాక మాత్రం ఆ చేతుల వెనక ఉన్న మనిషి నేటాలు పాలకులకు అక్కరలేకపోయాడు. ఒప్పందం ముగిసినవాడు తిరిగి కూలికి కుదరాలి, లేదా ఓడ ఎక్కి వెళ్లిపోవాలి. రెండూ కాదంటే ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలి. 1895లో చేసిన చట్టం ఇది. కూలికి మొదటి ఏడాది నెలజీతం పది షిల్లింగులు. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు. అంటే ఆ జీతగాడి ఆరు నెలల కష్టం ఒక్క పన్నుకే సరిపోతుందన్నమాట.

గాంధీజీ ఇక్కడ సత్యాగ్రహం నడుపుతున్న రోజుల్లో, 1910 ఫిబ్రవరిలో, గోపాలకృష్ణ గోఖలే కలకత్తాలోని కేంద్ర శాసనమండలిలో ఒక తీర్మానం పెట్టారు. నేటాలుకు ఒప్పందపు కూలీలను పంపడం మానివేయాలన్నదే ఆ తీర్మానం. ప్రభుత్వం అంగీకరించింది. 1911 జూలై 1 నుంచి ఆ ఎగుమతి ఆగిపోయింది. పరాయి పాలనలో ఉన్న భారతదేశం కూడా, నేటాలు తోటల యజమానులకు అత్యవసరమైనదాన్ని ఆపగలిగింది. 1913లో కూలీల మహాసమ్మె జరిగింది. ఆ నవంబరులో సాక్షాత్తు వైస్రాయి హార్డింజి ప్రభువు మద్రాసులో మాట్లాడుతూ దక్షిణాఫ్రికా పాలకుల తీరును బహిరంగంగా తప్పుపట్టాడు. 1914లో మూడు పౌన్ల పన్ను రద్దయింది.

రాయబారుల ప్రయత్నం

తరువాతి ఘట్టం మంచిమాటతో నడిచింది. 1927లో కేప్‌టౌన్ ఒడంబడిక కుదిరింది. దాని ప్రకారం భారత ప్రభుత్వం తన ఏజెంటును ఇక్కడ నియమించింది. మొదటివారు శ్రీనివాస శాస్త్రి. రెండవవారు మన తెలుగువారే: సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు. వారు 1929 నుంచి 1932 వరకు ఇక్కడ ఏజెంటుగా ఉన్నారు. తరువాత 1937లో మద్రాసు రాష్ట్రానికి కొద్దికాలం ప్రధానమంత్రిగా కూడా పనిచేశారు. వారు ఇక్కడ ఉన్న కాలంలోనే, 1931లో, దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడిందన్న సంగతి మనకు గర్వకారణం.

రాయబారులు విద్యకు మేలు చేశారు. డర్బన్‌లోని శాస్త్రి కళాశాల అందుకు సాక్షి. కాని ఓటులేని ప్రజల పక్షాన ఎంత మర్యాదగా మాట్లాడినా చట్టాలు ఆగలేదు. 1943లో డర్బన్‌లో భారతీయులు తెల్లవారి నుంచి ఇళ్లు, స్థలాలు కొనడానికి అడ్డుకట్ట వేసిన చట్టం వచ్చింది. 1946లో స్మట్స్ ప్రభుత్వం అంతకన్నా కఠినమైన భూచట్టం తెచ్చింది. భారతీయులు ఎక్కడ నివసించాలో, ఎక్కడ భూమి కొనాలో ఆ చట్టం గీత గీసింది. మనవారు దానికి పెట్టిన పేరు ‘ఘెట్టో చట్టం’.

అడిగినవారు మనమే

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆ చట్టం ఇంకా ముసాయిదాగా ఉండగానే దక్షిణాఫ్రికా భారతీయ కాంగ్రెస్ ఒక ప్రతినిధివర్గాన్ని భారతదేశానికి పంపింది. 1946 మార్చిలో ఆ వర్గం వైస్రాయిని కలిసింది. వారు కోరినది దానధర్మాలు కాదు. ఇరుదేశాల మధ్య చర్చలు జరిపించండి. అది కుదరకపోతే హైకమిషనరును వెనక్కి పిలవండి, ఈ దేశంతో వర్తకం ఆపండి అని కోరారు. ఆ వర్తకంతో బతుకుతున్న దుకాణదారులు మనలోనే ఉన్నారు. బియ్యం, పప్పు, మసాలా దినుసులు, బట్టలు అక్కడి నుంచే వచ్చేవి. తమ పొయ్యి మీదికే వచ్చే నష్టమని తెలిసి కూడా మన పెద్దలు ఆ కోరిక కోరారు.

భారత ప్రభుత్వం ఆ నెలలోనే వర్తక ఒప్పందం రద్దుకు నోటీసు ఇచ్చింది. హైకమిషనరును వెనక్కి పిలిపించింది. జూన్ 22న ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది. జూలై 17 నుంచి వర్తకాన్ని నిషేధించింది. నెహ్రూ నాయకత్వాన తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది సెప్టెంబరులో. అంటే అప్పటికింకా బ్రిటిషు వైస్రాయి ఆధ్వర్యంలో ఉన్న ప్రభుత్వమే ఈ పని చేసింది. దేశంలో లేచిన ప్రజాభిప్రాయం అంత బలంగా ఉండింది.

దీని వెల తక్కువదేమీ కాదు. ఆనాటి భారతదేశపు ఎగుమతులలో నూటికి అయిదు వంతులకు పైగా దక్షిణాఫ్రికాకే వచ్చేవి. అందులో ముఖ్యమైనది జనపనార సరుకు. ఇక్కడి మొక్కజొన్న నింపడానికి గోనె సంచులు కావాలి. ఆ సంచులు బెంగాలు మిల్లుల నుంచి రావాలి. ఆ బేరాన్ని భారతదేశం కాలదన్నుకుంది.

ఇక్కడ మనవారూ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. జూన్ 13న డర్బన్‌లో సత్యాగ్రహం మొదలైంది. డాక్టర్ నాయికర్, డాక్టర్ దాదూల నాయకత్వంలో సుమారు రెండు వేలమంది జైలుకు వెళ్లారు. ఆ ఏడాది చివర న్యూయార్కులో విజయలక్ష్మీ పండిట్ భారతదేశం తరఫున వాదించారు. ఐక్యరాజ్యసమితి ఆశయపత్రం పీఠిక రచనలో చేయి ఉన్న స్మట్సే ఆ సమితి ముందు సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. డిసెంబరు 8న 32 ఓట్లతో తీర్మానం నెగ్గింది. వ్యతిరేకించినవి 15, తటస్థంగా ఉన్నవి 7. మన డర్బన్ ఇళ్ల తగాదా ప్రపంచం తగాదా అయినది ఆ రోజునే.

మనం చెల్లించిన మూల్యం

బహిష్కారం వల్ల దక్షిణాఫ్రికా వెంటనే దిగివచ్చిందా అంటే, రాలేదు. రెండేళ్లు తిరగకుండానే, 1948లో, వర్ణవివక్షను సిద్ధాంతంగా ప్రకటించిన పార్టీయే గద్దెనెక్కింది. పెద్ద దేశాలు తమ వర్తకం తాము చేసుకుంటూనే ఉన్నాయి. ఒక్క భారతదేశం మానుకుంటే ఇక్కడి గనులూ ఆగలేదు, పొలాలూ ఎండలేదు.

మనకు మాత్రం తేడా తెలిసింది. భారతదేశపు సరుకు మూడో దేశాల మీదుగా, చేతులు మారి, ధర పెరిగి వచ్చేది. భారత పాస్‌పోర్టు దక్షిణాఫ్రికా ప్రయాణానికి చెల్లకుండా పోయింది. 1953లో ఇక్కడి ప్రభుత్వం భారతదేశం నుంచి భార్యాబిడ్డలను తెచ్చుకోవడాన్ని కూడా చట్టంతో ఆపింది. 1954లో భారత హైకమిషన్ కార్యాలయం మూతపడింది. బొంబాయి, డర్బన్‌ల మధ్య కరంజా, కంపాలా ఓడలు కొన్నేళ్లపాటు తిరిగినా, దారి ఇరుకై పోయింది. అటునుంచి ఒక తలుపు, ఇటునుంచి ఒక తలుపు మూసుకుంటే మధ్యలో మన భాష నిలబడిపోయింది. కొత్త పుస్తకం, కొత్త పంతులు, కొత్త పాట అరుదైపోయాయి. మన పిల్లలకు తెలుగు ఇంటి పేరులోనూ, పూజగదిలోనూ మిగిలిందంటే కారణాలు అనేకం. అందులో ఈ ఎడబాటు ఒకటి. ఈ మాట చెప్పుకోవడం బహిష్కారాన్ని నిందించడం కాదు. లెక్క పూర్తిగా రాయడం.

మన గొడవ నుంచి అందరి గొడవ

ఈ చరిత్రలో మనం నేర్చుకోదగిన మలుపు ఒకటి ఉంది. 1946లో భారతదేశం మాట్లాడింది భారతీయుల కోసం. 1947 మార్చిలో డాక్టర్ జూమా, డాక్టర్ దాదూ, డాక్టర్ నాయికర్ ముగ్గురూ ఆఫ్రికన్లు, భారతీయులు కలిసి పోరాడాలని ఒప్పందం చేసుకున్నారు. 1952 నాటికి భారతదేశంతో సహా 13 దేశాలు వర్ణవివక్ష మొత్తాన్నే ఐక్యరాజ్యసమితి ముందు పెట్టాయి. తన వాడి ఇంటి కోసం మొదలుపెట్టిన వాదం పక్కవాడి మానం దాకా విస్తరించింది. 1962లో సమితి సర్వసభ్య సభ, దక్షిణాఫ్రికాతో దౌత్య, వర్తక సంబంధాలు తెంచుకోవాలని సభ్యదేశాలన్నిటినీ కోరింది. భారతదేశం పదహారేళ్లుగా చేస్తున్నదే అప్పుడు ప్రపంచానికి చెప్పిన సలహా అయింది.

ఆ పనిని చూడడానికి 1963లో ఏర్పడిన ప్రత్యేక సంఘానికి కార్యదర్శిగా పనిచేసినవారు నెల్లూరు సీమలో పుట్టిన ఎనుగ శ్రీనివాసులు రెడ్డి. ఐక్యరాజ్యసమితిలో రెండు దశాబ్దాలకు పైగా వర్ణవివక్షకు వ్యతిరేకంగా కాగితం మీద, కలంతో పోరాడిన తెలుగువాడాయన. 2013లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆయనను ఆలివర్ టాంబో పేరిట ఉన్న జాతీయ పురస్కారంతో గౌరవించింది. 2020లో ఆయన కన్నుమూశారు. మన యువకులలో ఆయన పేరు తెలిసినవారు ఎందరు?

బహిష్కారం సరుకుతో ఆగలేదు. 1974లో డేవిస్ కప్ టెన్నిస్ ఫైనలుకు చేరిన భారత జట్టు, ఎదుట ఉన్నది దక్షిణాఫ్రికా కావడంతో ఆడకుండా కప్పునే వదులుకుంది.

తలుపులు తెరిచిన ఏడు

1990లో నెల్సన్ మండేలా విడుదలయ్యారు. ఆ ఏడే భారతరత్న అందుకున్నారు. 1993లో బహిష్కారం ముగిసింది. ఆ నవంబరులో దౌత్యసంబంధాలు మళ్లీ మొదలయ్యాయి. అప్పుడు ఢిల్లీలో ప్రధానమంత్రిగా ఉన్నది తెలుగు బిడ్డ పి.వి. నరసింహారావు. కూర్మావారు ఏజెంటుగా వచ్చి మర్యాదగా తట్టిన తలుపు, అరవై ఏళ్ల తరువాత మరో తెలుగువారి హయాంలో సమానుల మధ్య తెరుచుకుంది. 1995 గణతంత్ర దినోత్సవానికి అధ్యక్షుడు మండేలా ఢిల్లీలో ముఖ్య అతిథి.

ఈనాడు ఇక్కడి బంగారం, బొగ్గు అటు వెళుతున్నాయి. అక్కడి నుంచి మోటారు వాహనాలు, మందులు వస్తున్నాయి. హైదరాబాదు కంపెనీలు తయారుచేసిన ఎయిడ్స్ మందులు ఈ దేశపు ఆసుపత్రులలో ఎందరి ప్రాణాలనో నిలుపుతున్నాయి. ఒకనాడు మనుషులను సరుకుగా పంపిన దారి అది. తరువాత గౌరవం కోసం మూసుకున్న దారి అది. ఇప్పుడు ప్రాణం పోసే మందు వస్తున్నదీ ఆ దారినే.

వర్తకం ఆపడం దానంతట అదే ధర్మం కాదు. బలవంతుడు బలహీనుడి తిండి ఆపితే అది దౌర్జన్యమే అవుతుంది. మన కథలో ధర్మం ఎక్కడుందంటే, నష్టపోయేవారే ముందుకు వచ్చి ఆపమని అడగడంలో ఉంది. ఆపిన దేశం తానూ నష్టపోవడానికి సిద్ధపడడంలో ఉంది. చివరకు తమవారి కోసమే కాక అందరి కోసం నిలబడడంలో ఉంది. ఈసారి పండుగకు అంగడిలో ఇంగువ డబ్బా చేతికి తీసుకున్నప్పుడు, అది లేకుండా గడిపిన తరాన్ని ఒక్క క్షణం తలచుకుందాం. పిల్లలకు ఆ మాట చెబుదాం. వీలైతే తెలుగులోనే చెబుదాం.