కొవ్వు అంకెలు చెప్పే చక్కెర కబురు

రక్తపరీక్ష కాగితం రాగానే మనం చక్కెర అంకె ఒక్కటే చూస్తాం. బాగుందంటే బీరువాలో పడేస్తాం. పక్కనున్న కొవ్వు అంకెలకూ ఒక కథ ఉంది, వినండి.

1936లో లండన్‌లో హిమ్స్‌వర్త్ అనే డాక్టరుగారు మధుమేహ రోగులకు గ్లూకోజు, ఇన్సులిన్ ఒకేసారి ఇచ్చి చూశారు. కొందరిలో చక్కెర అదుపులో ఉంది. మరికొందరిలో ఇన్సులిన్ ఇచ్చినా పెరిగిపోయింది. అంటే వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మాట చెల్లడం లేదన్నమాట!

తరవాత రక్తంలో ఇన్సులిన్‌ని కొలిచే పద్ధతిని న్యూయార్క్‌లో బెర్సన్‌గారితో కలిసి కనిపెట్టింది ఒక స్త్రీయే. ఆమె రోజలిన్ యాలో, ఇద్దరు బిడ్డల తల్లి. 1977లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

1988లో అమెరికాలో రీవెన్‌గారు మరో ముడి విప్పారు. మాట చెల్లనప్పుడు ఒళ్లు ఇన్సులిన్‌ని ఎక్కువగా తయారుచేసి, చక్కెరని ఏళ్ల తరబడి అదుపులో పెడుతుంది. పైకి అంతా బాగే! కానీ లోపల ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ హెచ్.డి.ఎల్. తగ్గుతుంది.

2003లో ఆయన బృందం బరువెక్కువున్నవారిని పరీక్షించి సులువైన లెక్క చెప్పింది. పరగడుపున తీసిన ట్రైగ్లిజరైడ్లను హెచ్.డి.ఎల్.తో భాగించండి. 180ని 40తో భాగిస్తే నాలుగున్నర. మూడూ, ఆపైన వస్తే అనుమానించాలి. అన్ని జాతులవారికీ ఈ గీత ఒకేలా సరిపోదు. కనుక ఇది తీర్పు కాదు, డాక్టరుగారిని అడగడానికి ఒక ప్రశ్న.

ఆయన కాగితం సరే, మీ కాగితం ఎప్పుడు చూసుకున్నారమ్మా?